‘ఎ మ్యాన్ కాల్డ్ ఆటో’ చూసి ఏడవనిది నేనొక్కణ్ణేనా?

చిరాకు_రాయుడు (కూకట్‌పల్లి)

ముందే చెప్తున్నా, తిట్టుకుంటే తిట్టుకోండి. నిన్న రాత్రి మా ఆవిడ, బావమరిది, వాళ్ళావిడ, నేను నలుగురం కూర్చుని ‘ఎ మ్యాన్ కాల్డ్ ఆటో’ చూశాం. (మన మూడు చక్రాల ఆటో కాదండి, టామ్ హాంక్స్ పాత్ర పేరు.) సినిమా అయ్యేసరికి ముగ్గురూ ముక్కులు చీదుతున్నారు, నేను లేచి గీజర్ ఆఫ్ చేశానో లేదో చూసొచ్చా. మా ఆవిడ ఒక చూపు చూసింది, తను పోతే నా బతుకు ఎలా ఉంటుందో తనకి అప్పుడే మొత్తం కనిపించేసినట్టు.

చూడనివాళ్ళకి కథ: భార్య పోయింది, ఉద్యోగం కూడా అయిపోయింది, ఈయన పొద్దున్నే లేచి కాలనీ అంతా రౌండ్లు కొట్టి పార్కింగ్ పర్మిట్లు చూస్తాడు, తప్పు డబ్బాలో పడ్డ చెత్త తీసి కరెక్ట్ డబ్బాలో వేస్తాడు, గేటు వెయ్యనివాణ్ణి ఆపి తిడతాడు. ఇంక బతకడం అనవసరం అనుకుని ప్రాణం తీసుకోబోతాడు, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి పడతారు. ఎదురింట్లో మారిసోల్ అని కడుపుతో ఉన్నావిడ మొగుడూ ఇద్దరు పిల్లలతో దిగుతుంది. తర్వాత ఏమవుతుందో మీకే తెలిసిపోయింది కదా, అదే నా గొడవ.

అసలు చిక్కంతా హాంక్స్‌తోనే. ఆయన ఎంత మొహం మాడ్చుకున్నా ఇంకో గంటలో కరిగిపోతాడని సినిమా పెట్టినప్పుడే తెలుసు. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజు అరిచే అరుపుల ముందు ఈ ఆటో చిన్నపిల్లాడు. జనానికి ఈయన మీద ఎక్కడ అసహ్యం పుడుతుందోనని డైరెక్టర్‌కి ఒకటే భయం, ఒకసారి కసిరితే చాలు వెంటనే ఫ్లాష్‌బ్యాక్, పసుపు వెలుతురు, రైల్లో అమ్మాయి. చిన్నప్పటి ఆటోగా హాంక్స్ గారి అబ్బాయే చేశాడు, నిర్మాతల్లో వాళ్ళావిడ రీటా విల్సన్ ఉంది, పాట కూడా ఆవిడే పాడింది. మన దగ్గర ఇలా చేస్తే వారసుల సినిమా అని ఆడుకునేవాళ్ళం.

విమర్శకుల మార్కులు 70 శాతం దగ్గర ఆగాయి, మామూలు ప్రేక్షకులవేమో 95 దాటాయి. ఈ తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకుందామని ఈ దారం (థ్రెడ్) మొదలెట్టా. అన్నట్టు డాక్టరు ‘ఈయన గుండె చాలా పెద్దది’ అనే సీను ఉంది చూడండి, అక్కడ దండం పెట్టేశా.

కరీంనగర్_పోరడు

అన్నా గట్లంటే ఎట్ల. ఆ గుండె పెద్దగున్నదన్న మాట ఇని మారిసోల్ పక్కున నవ్వుతది కదా, ఆపుకోలేక నవ్వుతది, సచ్చేటట్టు ఉన్న మనిషి ముందల. అది చూసినవా లేకుంటే గప్పుడు కూడ గీజర్ కాడికి వొయినవా? ఆ డైలాగ్ పాతదే అని సినిమాకు కూడ తెల్సు, అందుకే నవ్వించింది. నాకైతే మస్తు నచ్చింది. మరియానా ట్రెవిన్యో అంట ఆమె పేరు, మెక్సికో ఆమె, నేను ఇంతకు ముందు ఎన్నడు సూడలే. హాంక్స్‌ను సూద్దామని కూసున్న, ఆమెను సూసి లేసిన.

చిరాకు_రాయుడు

ఆవిడ విషయంలో ఒప్పుకున్నా తమ్ముడూ. ఆ నవ్వు ఒక్కటే సినిమాలో నిజంగా అదుపు తప్పిన క్షణం. ఈ సినిమాని ఏకిపారేసినవాళ్ళు కూడా ఆవిడ జోలికి పోలేదు.

గోథెన్‌బర్గ్_గోపి

మీరంతా చూసింది రెండో కాపీ. అసలుది 2015లో వచ్చిన స్వీడిష్ సినిమా ‘ఎ మ్యాన్ కాల్డ్ ఊవె’, హన్నెస్ హోల్మ్ తీశాడు, దానికి ముందు 2012లో ఫ్రెడ్రిక్ బాక్‌మన్ నవల. ఆస్కార్‌కి రెండు నామినేషన్లు కూడా వచ్చాయి, ఒకటి విదేశీ భాషా చిత్రం, రెండోది మేకప్. మేకప్ ఎందుకంటే హీరో రోల్ఫ్ లాస్‌గోర్డ్‌ని బట్టతల ముసలాయనగా మార్చారు, ఆయన్ని బయట చూస్తే గుర్తుపట్టరు. మనిషి ఎత్తరి, భుజాలు ఇంతింత, గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు. ఆయన అరిస్తే నిజంగా భయమేస్తుంది, రాయుడు గారూ మీరడిగిన అసహ్యం అక్కడ పుడుతుంది. దానికి విమర్శకుల మార్కులు 90 దగ్గర.

నేనిక్కడ స్వీడన్‌కి, గోథెన్‌బర్గ్‌కి వచ్చి ఎనిమిదేళ్ళు. వచ్చిన కొత్తలో మా బిల్డింగ్‌లో అందరికీ కలిపి ఒకటే బట్టలుతికే గది, నెలకి సరిపడా టైమ్ ముందే బుక్ చేసుకోవాలి. నేనోసారి పది నిమిషాలు లేటుగా ఖాళీ చేశా, పైగా డ్రైయర్ జాలీలో పేరుకున్న దూది తియ్యలేదు. మర్నాడు ఆ దూదినే ఉండ చేసి చీటీకి టేపుతో అంటించి తలుపు మీద పెట్టారు, ‘ఇది నీది, మర్చిపోయావు’ అని. సంతకం లేదు. ఎవరు పెట్టారో ఈ రోజుకీ తెలీదు, మెట్ల మీద మాత్రం అందరూ హాయిగా హలో చెప్తారు. ఆ తర్వాత ఊవె సినిమా చూస్తే నాకు ఆయన వింత మనిషిలా అనిపించలేదు, ఊళ్ళో అందరూ లోపల దాచుకున్న ఆ చీటీ ఈయన నోట్లోంచి బయటికొస్తోంది అంతే. కాలనీ లోపలికి కార్లు రాకూడదు అని బోర్డు ఉంటుంది, కారొస్తే ఈయన అడ్డం పడతాడు. ఇక్కడి జనం దానికి నవ్వింది వెక్కిరింతగా కాదు, మా నాన్న కూడా ఇంతే అని. అదే మనిషిని తీసుకెళ్ళి అమెరికాలో పెడితే ఉత్త చాదస్తం అయిపోయాడు.

కార్ల గొడవ కూడా చెప్పాలి. ఊవె జీవితాంతం సాబ్ మనిషి, స్నేహితుడు రూనె వోల్వో మనిషి. ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి అదే పోటీ, చివరికి రూనె బీఎమ్‌డబ్ల్యూ కొన్నాడు, స్నేహం అక్కడితో ఖతం. వోల్వో మా ఊరిది, సాబ్ ఇక్కడికి దగ్గర్లోనే ట్రోల్‌హెట్టన్‌ది. 2011 డిసెంబర్‌లో సాబ్ దివాలా తీసింది, నవల వచ్చింది ఆ మరుసటి ఏడే. అంటే భార్య పోయింది, ఉద్యోగం పోయింది, ఆయన కారు చేసిన కంపెనీ కూడా పోయింది. అమెరికా దాంట్లో షెవ్రొలె, ఫోర్డ్, చివర్లో ఆ స్నేహితుడు టయోటా కొంటాడు. జోక్ అదే గానీ కింద ఉన్న చావు లేదు.

కరీంనగర్_పోరడు

మా పెదనాన్న రాజ్‌దూత్, ఆయన దోస్తు యెజ్డీ. యాభై ఏండ్ల దోస్తులు. ఆ దోస్తు కొడుకు పల్సర్ కొనుక్కొస్తే మా పెదనాన్న వాని ఇంటికి సాయ తాగెతందుకు పోవుడు బంద్ వెట్టిండు. ఈ కథ స్వీడన్‌ల పుట్టలే గోపన్నా.

విశాఖ_వాన

నేను రెండూ చూశానండి, స్వీడిష్‌ది ముందు, తర్వాత ఇది. గోపి గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. స్వీడిష్ సినిమాలో ఊవె చిన్నతనం ఉంటుంది, వాళ్ళ నాన్న రైల్వేలో పని, కొడుక్కి మంచి మార్కులొచ్చాయని పట్టాల మీద నిలబడి తోటివాళ్ళకి ప్రోగ్రెస్ కార్డు చూపించుకుంటూ మురిసిపోతుంటే రైలు గుద్దేస్తుంది. అంత సంతోషం, అదే ఫ్రేములో చావు. ఊవెకి రూల్స్ మీద అంత పట్టుదల ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటోలో దాన్ని పూర్తిగా కోసేశారు, భార్య ఒక్కతే కారణంగా మిగిలింది. అందుకే తియ్యగా, పల్చగా అయిపోయింది, నీళ్ళ మజ్జిగలో పంచదార వేసినట్టు.

ఇంకో ఇబ్బంది ఏంటంటే పక్కింటి వాళ్ళు. అసలు దాంట్లో ఎదురింటావిడ పర్వానె ఇరాన్ నుంచి వచ్చినావిడ, ఇక్కడ మారిసోల్. రెండిట్లోనూ వలస వచ్చిన ఆడమనిషి, కడుపుతో ఉంటుంది, వండి డబ్బాలో పెట్టి తెస్తుంది, ముసలాయన్ని బాగుచేస్తుంది. ఆవిడకి ఇంట్లో ఎవరితో గొడవ, ఆవిడ అమ్మ ఎక్కడుంది, ఆవిడకి రాత్రి నిద్ర పడుతుందా లేదా, ఇదేం పట్టదు. తెల్ల ముసలాయన మనసు కరగడానికి పొయ్యి కింద కట్టె కావాలి, ఈవిడే ఆ కట్టె. కాలనీలో ట్రాన్స్ కుర్రాడు మాల్కమ్ ఉన్నాడు, వాణ్ణి వాళ్ళ నాన్న గెంటేస్తే ఆటో చేరదీస్తాడు, మంచిదే, కానీ ఆ పిల్లాడి కథ కూడా ఆటో మార్కుల లిస్టులో ఒక అంకె అయిపోయింది.

ఇంత తిట్టి కూడా డ్రైవింగ్ నేర్పే సీన్ దగ్గర నేను ఓడిపోయానండి. వెనకాల కారువాడు హారన్ కొడుతుంటే మారిసోల్ బెదిరిపోయి స్టీరింగ్ వదిలేస్తుంది. ఆటో దిగి వాడి సంగతి చూసొచ్చి కూర్చుని, నువ్వు ఇద్దర్ని కన్నావు, మూడోది కనబోతున్నావు, ఎక్కడినుంచో వచ్చి కొత్త భాష నేర్చుకున్నావు, ఒక దద్దమ్మని పెళ్ళి చేసుకుని నెట్టుకొస్తున్నావు, ఈ కారు ఒక లెక్కా అన్న అర్థం వచ్చేలా తిట్టినట్టే మెచ్చుకుంటాడు. నేను 38వ ఏట ఎంవీపీ కాలనీలో స్కూటీ నేర్చుకున్నా. నేర్పినాయన బ్రేక్ అని అరవడం తప్ప ఇంకో మాట అనలేదు.

డాలస్_దత్తుడు

మంచి డిస్కషన్. కానీ ఒకటి ఎవరూ అనలేదు, నాకు గుచ్చుకుంది కాబట్టి నేనే అంటా. ఆటో పాత స్నేహితుడు రూబెన్ మంచాన పడతాడు, భార్య అనీటా చూసుకుంటూ ఉంటుంది, రియల్ ఎస్టేట్ కంపెనీవాళ్ళు ఆయన్ని ఓల్డేజ్ హోమ్‌కి పంపి ఇల్లు కొట్టేయాలని చూస్తారు. వాళ్ళకి సంతకాల అధికారం ఇచ్చింది ఎవరు? జపాన్‌లో ఉన్న కొడుకు. ఆ కొడుకు తెర మీదకే రాడు. ఎందుకు వెళ్ళాడు, ఎందుకు మాట్లాడట్లేదు, ఏమీ లేదు. దూరంగా ఉన్న కొడుకంటే చాలు, విలన్ దొరికినట్టే. థియేటర్లో మా ఆవిడ నా చెయ్యి నొక్కింది, ఓదార్పో ఎత్తిపొడుపో ఇప్పటికీ అర్థం కాలేదు.

చిరాకు_రాయుడు

హహహ. దత్తుడన్నా, మన వెర్షన్ తీస్తే రియల్ ఎస్టేట్ కంపెనీ అక్కర్లేదు, కొడుకే వీడియో కాల్‌లో ‘నాన్నా ఆ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం, నీకో టూ బీహెచ్‌కే వస్తుంది’ అంటాడు.

డాలస్_దత్తుడు

నేను అదే అన్నాను గురూ పోయినేడు. జోక్ బానే ఉంది గానీ.

గోథెన్‌బర్గ్_గోపి

ఇక్కడో తేడా గమనించండి. స్వీడిష్ దాంట్లో శత్రువు సర్కారు ఉద్యోగి, ‘తెల్ల చొక్కాలు’ అంటాడు ఊవె వాళ్ళని. చక్రాల కుర్చీలో ఉన్న భార్యకి టీచర్ ఉద్యోగం రావాలంటే బడికి ర్యాంప్ ఉండాలి, ఊరందరికీ ఉత్తరాలు రాస్తాడు, ఎవడూ పలకడు, చివరికి రాత్రిపూట వానలో తనే సుత్తి పట్టుకుని ఆ ర్యాంప్ కడతాడు. అన్నీ చూసుకుంటానని చెప్పే ప్రభుత్వం మీద కోపం అది, ఇక్కడివాళ్ళకి బాగా తెలిసిన కోపం. అమెరికా వెళ్ళేసరికి ప్రభుత్వం పోయి కంపెనీ వచ్చింది. అక్కడివాళ్ళకి కంపెనీని తిడితే ఎవరికీ నొప్పి ఉండదు కదా.

నిద్రమాత్ర_22

అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, నాది చిన్న ప్రశ్న. ఆత్మహత్య ప్రయత్నాల్ని కామెడీ చెయ్యడం ఒక్కరికీ ఇబ్బంది అనిపించలేదా? ఆయన సిద్ధమవడం, బెల్లు మోగడం, హాల్లో నవ్వులు. మళ్ళీ సిద్ధం, మళ్ళీ బెల్లు. నాలుగోసారికి మనం కూడా ఇంకా బెల్లు మోగలేదేంటి అని చూస్తుంటాం. మా ఇంట్లో ఒకసారి బెల్లు మోగలేదు. ఇంతకంటే రాయలేను, నేను అరగంటకి ఆపేశా, కాబట్టి చివర్లో ఎంత బావుందో నాకు చెప్పకండి ప్లీజ్.

విశాఖ_వాన

సారీ అండి. మీరు చెప్పింది కరెక్ట్. నేను రెండుసార్లు చూసి కూడా ఆ వైపు నుంచి చూడలేదు.

చిరాకు_రాయుడు

నేను కూడా. నాకు ప్రాబ్లం అల్లా ముందే తెలిసిపోతోంది అనే. ముందే తెలిసిపోవడం వల్లే హాల్లో అందరూ నవ్వగలుగుతున్నారు అని ఇప్పుడు తడుతోంది. హాంక్స్ పోడు అని అందరికీ గ్యారంటీ, ఆ గ్యారంటీ మీద నవ్వు. లాస్‌గోర్డ్ దగ్గర ఆ గ్యారంటీ ఉండదా గోపీ?

గోథెన్‌బర్గ్_గోపి

కొంచెం తక్కువ. అయినా అక్కడా నవ్విస్తారు, అబద్ధం చెప్పను. యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో 2016లో దానికి వచ్చిందే ఉత్తమ కామెడీ అవార్డు.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది, ఆపను. ఆ ప్రయత్నాలు ఎలా చేశాడన్న వివరాలు మాత్రం ఇక్కడ రాయొద్దు. ఎవరికైనా మనసు బాలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నిద్రమాత్ర గారూ, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

ఉప్పుచేప_పప్పుచారు

లేటుగా వచ్చా, కానీ గట్టిగా వచ్చా. ఆటో నోట్లో ఊతపదం ఏంటి? ‘ఇడియట్’. కనిపించిన ప్రతివాడూ ఇడియట్. నాకు సినిమా చూస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన, దీన్ని తెలుగులో ఏమనాలి? మా నాన్న అయితే ‘వెధవ’ అంటాడు. వెధవ గేటు వెయ్యలేదు, వెధవ హారన్ కొడుతున్నాడు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. విధవ. మొగుడు పోయిన ఆడదాని పేరే మనకి తిట్టు, మగాణ్ణి తిట్టాలన్నా అదే తిట్టు. పెళ్ళాం పోయినవాడికి మాటే లేదు. ‘విధురుడు’ అని నిఘంటువులో ఉంటుంది, మీలో ఎవరైనా నోటితో అన్నారా? ఇన్ని పోస్టుల్లో ఒక్కళ్ళూ వాడలేదు, ‘భార్య పోయింది’ అనే రాశారు.

అంటే తెలుగులో ఆటో వీధిలోకొచ్చి అందర్నీ వెధవ, వెధవ అని తిడుతుంటే, నిజానికి ఆ మాట సరిగ్గా అతికేది ఆయనకే. ఇది నా పాయింట్ కాదు, నవ్వొచ్చి చెప్తున్నా.

నా పాయింట్ ఇదీ. ఇదే పాత్ర ఆడదైతే? అరవై దాటిన ఆడమనిషి, మొగుడు పోయాడు, రోజూ కాలనీ తిరిగి పార్కింగ్ చూసి తిడుతుంది. మనం ఆవిడకి పేరు పెట్టేశాం ఎప్పుడో, గయ్యాళి. సూర్యకాంతం గారు ఎంత గొప్పగా చేసినా చివరికి ఆ గయ్యాళికి బుద్ధి రావాలి, ముక్కు తుడుచుకుని క్షమాపణ అడగాలి. గయ్యాళి ఎందుకలా అయింది అని ఫ్లాష్‌బ్యాక్ ఎవరూ వెయ్యలేదు, పసుపు వెలుతురు అస్సలు వెయ్యలేదు. మగాడి కోపానికి గాయం ఉంటుంది, ఆడదాని కోపానికి నోరు ఉంటుంది అన్నమాట. క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా ‘గ్రాన్ టొరినో’ కూడా ఇదే సరుకు, 2008. యానిమేషన్ సినిమా ‘అప్’లో తాతయ్య కూడా, 2009. అందరికీ పెళ్ళాం పోవాలి, గుమ్మం ముందుకి ఎవరో రావాలి. పోయిన పెళ్ళాం ఎప్పుడూ దేవతే, ఒక్కసారి కూడా ఈయన్ని విసుక్కున్నట్టు చూపించరు. నలభై ఏళ్ళు ఇలాంటోడితో కాపురం చేసి విసుక్కోకుండా ఎలా ఉంటుందండీ?

కరీంనగర్_పోరడు

అక్కా దండం. ‘వెధవ’ ముచ్చట సదివి మా అమ్మకు జెప్పిన, ఆమె రెండు నిమిషాలు ఏం మాట్లాడలే.

డాలస్_దత్తుడు

ఉప్పుచేప గారూ, 90 శాతం ఒప్పుకుంటా. కానీ ఊవెలో ఆయన భార్య సోన్యా బస్సు ప్రమాదం తర్వాత కూడా ఆయన కంటే ధైర్యంగా ఉంటుంది, ఈయన కోర్టులూ ఉత్తరాలూ అని ఊగిపోతుంటే ఆవిడే ఆపుతుంది. మరీ దేవత పటం కాదు.

ఉప్పుచేప_పప్పుచారు

పటం కాదు, సరే, కేలండర్. నెలకో మంచి బొమ్మ.

పాత_రీలు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నేను ఈ వేదికలో ఎక్కువగా పాత పాటల దగ్గరే ఉంటాను. మా మనవరాలు ఈ సినిమా పెట్టి ఇచ్చి వెళ్ళింది, చూశాను. నా వయసు 71, రైల్వేలో 34 ఏళ్ళు చేశాను, మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. కాబట్టి నేనేదో నిపుణుణ్ణి అనుకుంటారేమో, కాను, ఒక సంగతి మాత్రం చెప్తాను.

సినిమావాళ్ళకి కోపం ఎందుకంత ఇష్టమో నాకు తెలీదు. కోపం పడ్డానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదండీ. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను చాలా కోపిష్టివాణ్ణి. ఆవిడ పోయాక అది కూడా పోయింది. మిగిలింది ఏమిటంటే, వంటింట్లో డబ్బాలు. ఆవిడ లెక్క డబ్బా మీద ఉన్న పేరు కాదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉండేది, బోర్నవీటా డబ్బాలో జీలకర్ర, ‘పంచదార’ అని స్వయంగా నేనే పెయింటుతో రాసిన డబ్బాలో ఇడ్లీ రవ్వ. మొదటి వారం కాఫీలో ఏం వేశానో చెప్పను. మా కోడలు వచ్చి అన్నిటికీ చీటీలు అంటిస్తానంటే వద్దన్నాను. అంటిస్తే ఆవిడ లెక్క పోతుంది. ఇప్పుడు నాకు చూడకుండా వచ్చు. కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చి పంచదార తియ్యబోతే నేను ‘ఆ డబ్బా కాదు’ అని కొంచెం గట్టిగానే అంటాను. అదొక్కటే ఇప్పుడు నాకు మిగిలిన కోపం.

సినిమాలో నాకు బాగా తగిలింది ఫ్లాష్‌బ్యాకూ కాదు, ఆ నవ్వూ కాదు. చివర్లో మంచు కురుస్తుంది, రోజూ పొద్దున్నే తన గుమ్మం ముందు మంచు ఎత్తేసే మనిషి ఆ రోజు ఎత్తలేదు, ఎదురింటివాళ్ళు అది గమనిస్తారు, అంతే, పరిగెత్తుతారు. (చూడనివాళ్ళు క్షమించాలి, చెప్పేశాను.) మాకు మంచు లేదు. మా తలుపు గొళ్ళేనికి గుడ్డ సంచి ఉంటుంది, పాల ప్యాకెట్టు అందులో వేసి వెళ్తాడు. ఆరున్నరకి నేను తీస్తాను. ఒకరోజు జ్వరం వచ్చి ఏడున్నర దాకా తియ్యలేదు, ఎదురు ఫ్లాట్ అమ్మాయి బెల్లు కొట్టి కొట్టి, చివరికి వాచ్‌మన్‌ని తీసుకొచ్చింది. ఆ అమ్మాయితో నాకు అంతకు ముందు మాటల్లేవు. కూరల డబ్బాలూ లేవు. సంచి చూసిందంతే. విశాఖ వాన గారు అన్న కట్టె సంగతి నిజమే కావచ్చునమ్మా, కానీ ఎవరు ఎవరి సంచి చూస్తున్నారో సినిమా తీసేవాళ్ళకి దొరకదు.

ఇక ‘మిథునం’ గుర్తొచ్చింది. శ్రీరమణ గారి కథ, 2012లో భరణి గారు తీశారు, బాలు గారూ లక్ష్మి గారూ ఇద్దరే మనుషులు సినిమా మొత్తం. చివరికి ఆయన ముందు వెళ్ళిపోతాడు. ఆవిడ, బుచ్చిలక్ష్మి, అదే మంచిదైంది అంటుంది, తను ముందు పోతే ఆయన ఒక్కడూ నెట్టుకురాలేడని ఆవిడకి తెలుసు. ఈ ఆటో కథ రెండు గంటలు చెప్పింది ఆవిడకి ముందే తెలుసన్నమాట. మా ఇంట్లో అలా జరగలేదు.

ఉప్పుచేప_పప్పుచారు

పాత రీలు గారూ, నేను పైన పెట్టిందంతా కోపంగా పెట్టా, మీరు ఏమీ అనుకోకండి. కానీ ఆ బుచ్చిలక్ష్మి మాట విన్న ప్రతిసారీ నాకు కడుపులో తిప్పుతుందండి. తను ఒంటరి అవ్వడం కూడా మొగుడికి చేసే సేవల్లో కలిపేసింది. ఆవిడ తర్వాత ఎలా బతికిందో ఎవరూ సీక్వెల్ తియ్యలేదు.

పాత_రీలు (రాజమండ్రి)

అనుకోనమ్మా. మా ఆవిడ కూడా నీలాగే అనేది ఆ సినిమా చూసినప్పుడు. ‘నేనైతే తీర్థయాత్రలకి పోతా’ అంది.

చిరాకు_రాయుడు

సరే, దారం పెట్టినవాణ్ణి కాబట్టి నా లెక్క నేను సరిచేసుకుంటా. సినిమా మీద నా మార్కులు మారలేదు, ఇప్పటికీ అది నాకు ముందే వేడి చేసి తెచ్చిన భోజనమే. 5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే 11 కోట్ల పైన వచ్చాయి, కాబట్టి డైరెక్టర్ మార్క్ ఫోర్స్టర్‌కి నా మార్కులతో పనీ లేదు. కానీ ఏడ్చినవాళ్ళు దేనికి ఏడ్చారో నేను తప్పు అనుకున్నా. మా ఆవిడని ఇందాక అడిగా, నువ్వు ఎక్కడ ఏడ్చావు అని. ఆటో మంచం మీద తన వైపే పడుకుంటాడు, రెండో వైపు ఖాళీ, అక్కడంట. నేను ఆ సీనే గమనించలేదు. గీజర్ గుర్తొచ్చింది అప్పుడే అనుకుంటా.

కరీంనగర్_పోరడు

వదినకు మా తరఫున నమస్తే జెప్పు అన్నా. గీజర్ ఆఫ్ చేసే ఉండెనా ఇంతకు?

చిరాకు_రాయుడు

ఆన్‌లోనే ఉంది.

పాత_రీలు (రాజమండ్రి)

గోపి గారూ, మీ స్వీడన్ సినిమా కూడా దొరికింది. కింద అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పెద్దవి చెయ్యడం ఎలాగో ఎవరైనా చెప్తారా. టీవీలోనే చూస్తున్నాను, ఫోన్ కాదు.

విశాఖ_వాన

సార్, ప్లే అవుతుండగా రిమోట్‌లో పై బాణం నొక్కితే సబ్‌టైటిల్స్ అని ఒక బొమ్మ వస్తుంది, అందులో సైజు ఉండాలి. లేకపోతే టీవీ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అక్కడ చూడండి.

పాత_రీలు (రాజమండ్రి)

వచ్చిందమ్మా, థాంక్స్. మొదటి సీను అయింది. పూల గుత్తులు రెండు కొంటే తగ్గింపు అని కూపన్, ఈయనకి ఒకటే కావాలి, అందులో సగం డబ్బే ఇస్తానని కౌంటర్‌లో పిల్లతో గొడవ. అది ఈయన తప్పు. రెండుకి తగ్గింపు అంటే రెండుకే. కానీ ఆ అమెరికా ఆటో, హార్డ్‌వేర్ షాపులో అడుగుల లెక్కన అడిగితే గజాల లెక్కన బిల్లు వేశారు చూడండి, అక్కడ ఆయనే కరెక్టు, నేనైనా మేనేజర్‌ని పిలవమనేవాణ్ణి.